రాత్రి యెవరిది?

చూచుటలో దోషమున్నదా అను ప్రశ్న తొలుత వింతగా తోచును. ఒకరి సొమ్ము హరించుట దోషము. ఒకరిని నొప్పించుట దోషము. పరుల రహస్యమును పొంచి చూచుట కూడ తగదని లోకము అంగీకరించును. కాని ఆకాశముననున్న నక్షత్రమును చూచినచో ఎవరికేమి నష్టము? చూచినవాని కన్ను నిండును. చూడబడినది రవ్వంతయు తరుగదు. దేవాలయమున మూలమూర్తిని దినమునకు వేలమంది సేవించినను ఆ దివ్యమంగళ విగ్రహమునకు కొరత యేమున్నది? దర్శనమువంటి నిర్దోషమైన సంపాదన మరియొకటి లేదని మనము నమ్ముచున్నాము. ఆ నమ్మకము సరియైనదే. అది ఎంతవరకు సరియైనదో మాత్రము విచారింపవలసియున్నది.

నక్షత్రముల ఛాయాచిత్రములు తీయువారు మన దేశమున ఇటీవల పెరుగుచున్నారు. పట్టణములలో ఆకాశము సరిగా కనుపింపదు గనుక వారు అమావాస్య రాత్రులందు దీపములు లేని చోటు వెదకికొని కొండలకును అడవుల అంచులకును పోవుదురు. తెల్లవార్లు ఒంటిగా కూర్చుండుట వారికి అలవాటు. మాటలాడుటకు తోడు లేదు, నిద్ర లేదు, ఆహారము స్వల్పము. ఒకవిధముగా ఇది తపస్సును పోలియున్నది. నాకును ఈ అభ్యాసము కొంతకాలముగా నున్నది.

ఈ విద్య క్రొత్తయైన పాఠకులకు రెండు మాటలు చెప్పవలయును. పగటి ఛాయాచిత్రమునకు క్షణములో నూరవ వంతు చాలును. రాత్రి ఆకాశమునకు అది చాలదు. కెమేరా కన్ను నిమిషముల తరబడి తెరచియుంచవలయును. మన కన్ను వెలుగును కూడబెట్టజాలదు. వచ్చినదానిని వచ్చినట్లే చూచి విడిచివేయును. కెమేరా యట్లు కాదు. పిసినారి కాసులు ప్రోగుచేసినట్లు అది ఒక్కొక్క రవ్వను దాచుకొనును. కన్నులకు కానరాని నీహారికలును, పాలపుంత నడుమనున్న నల్లని ధూళిమేఘములును చిత్రమున గోచరించుట అందువలననే. అయితే భూమి తిరుగుచున్నది గదా. నాలుగు నిమిషములలో ఆకాశము ఒక డిగ్రీ జరిగిపోవును. నక్షత్రము చుక్కగా నిలువక గీతయగును. దీనిని సరిచేయుటకు కెమేరాను ఒక చిన్న యంత్రముపై నిలుపుదుము. అది భూమి తిరుగు వేగముతోనే ఎదురు దిక్కునకు తిరుగును. ఆ యంత్రపు ఇరుసు ఆకాశపు ఉత్తర ధ్రువమునకు గురిగా నుండవలయును. ఆ గురికి మనకు ఆధారము ధ్రువనక్షత్రము.

ఏ ఊరి అక్షాంశ మెంతయో ఆ ఊర ధ్రువుడు దిక్చక్రమునకు అంత యెత్తున నుండును. శ్రీకాకుళమున సుమారు 18 డిగ్రీలు. తిరుపతిలో 13 డిగ్రీలకు పైచిలుకు. చాచిన చేతి పిడికిలి వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. కనుక తిరుపతిలో నిలిచి ఉత్తరమునకు చేయి చాచినవాడు ఒక పిడికిలి మీద రెండు వ్రేళ్లు కొలిచి ధ్రువుని చూడవచ్చును. నిజమునకు ఆ నక్షత్రము సరిగా ధ్రువస్థానమున లేదు. అందుకు డిగ్రీలో మూడింట రెండు వంతుల దూరమున నున్నది. భూమి ఇరుసు సుమారు 26,000 సంవత్సరముల కొకమారు ఆకాశమున ఒక చుట్టు తిరుగుచుండుటచే ఆ స్థానము నక్షత్రమునుండి నక్షత్రమునకు మారుచుండును. పురాణములోని ధ్రువపదము వేరు, జ్యోతిశ్శాస్త్రములోని నక్షత్రము వేరు అను చర్చ యిక్కడ అక్కరలేదు. ఈ రాత్రి మన కంటబడు ధ్రువుని వెలుగు సుమారు 430 సంవత్సరముల క్రిందట బయలుదేరినది. అనగా వెంకటపతిరాయలు ఏలుచుండిన నాటిది. ఇంత పాత వెలుగును పట్టుకొనుటలో పులకరింత గలదు. ఆ పులకరింతయే మనిషిని మిగిలినవన్నియు మరచునట్లు చేయును.

గత సంవత్సరము వైశాఖ అమావాస్యనాటి రాత్రి మదనపల్లె సీమలో, ఏనుగు మల్లమ్మ కొండయని జనులు చెప్పుకొను హార్స్‌లీ కొండలకు దిగువన, ఎండిన చెరువులో ఒంటిగా నుంటిని. చెరువు నడుమ చిన్న మడుగు మాత్రము మిగిలియుండెను. ఉత్తరము తెరపి. ఆగ్నేయమున జ్యేష్ఠా నక్షత్రము ఎర్రగా వెలుగుచుండెను. దాని వెనుక మూల, ఆ వెనుక ధనూరాశి పైకి వచ్చుచుండెను. మొదట ఎంతో నిశ్శబ్దమనిపించినది. అరగంట గడచునప్పటికి, కన్నులు చీకటికి అలవాటుపడినట్లే చెవులును అలవాటుపడెను. కట్టమీది చింతచెట్టునుండి సన్నని ఈల వినబడెను. అది దేవాంగపిల్లి కూత. గడ్డిలో ఎండుటాకులపై ముళ్లపంది నడచిన గలగల. కొండవాలున ఒక నక్క యెత్తుకొనగా వేరొకటి బదులు చెప్పెను. నేలపై కూర్చుండు రాత్రిపక్షి యొకటి గులకరాయిని బండమీద దొర్లించినట్లు టకటకమనుచుండెను. వీనిలో ఏదియు నన్ను చూచుటకు వచ్చినది కాదు. వాని దినచర్య ఆరంభమైనది, అంతియే. మన గుడులలో పవళింపుసేవ జరుగు వేళ వానికి సుప్రభాతమగును.

యంత్రము ధ్రువునకు గురియై, చిత్రములు తీయుట మొదలైన కొంతసేపటికి తలపై ఒక తీతువు అరచుట మొదలుపెట్టెను. తీతువు కూత చెడుశకునమని మన పల్లెలలో భయపడుదురు. నిజమునకు ఆ పక్షి కాపలాదారు. చెట్టున గూడు కట్టదు; బట్టబయటి నేలమీదనే చిన్న గుంటలో గ్రుడ్లు పెట్టును. అవి మన్ను రంగుననే మచ్చలతో నుండుటచే దగ్గర నిలిచినను కనుపింపవు. వేసవి దాని సంతానకాలము. నేను కదలినప్పుడెల్ల అది తలపైకి వచ్చి అరచును. కదలక కూర్చున్నచో దూరముగా దిగి, మరల లేచి అరచును. గ్రుడ్లు ఎక్కడో సమీపముననే యున్నవని దాని తీరువలన తెలియుచుండెను. ఎక్కడనో వెదకుటకు దీపము వేయుట మరింత కీడు. ఉన్న త్రోవనే అడుగులో అడుగు వేసికొని, సామగ్రి అంతయు ఎత్తుకొని, సుమారు రెండువందల గజములు కట్టవైపునకు జరిగితిని. మరల ధ్రువుని గురిచూచునప్పటికి గంటకు పైగా గడచెను. పాలపుంత నడిభాగము ఉత్తమమైన ఎత్తునకు వచ్చు వేళ ఆ గంటలోనే కొంత జారిపోయెను. తీతువు కొంతసేపు అరచి మానుకొనెను.

ఈ సంగతి ఒక మిత్రునితో చెప్పితిని. ఆయన విశ్రాంత ఉపాధ్యాయులు, తర్కము తెలిసినవారు. "ఏమండీ, ఆ ప్రక్కనే రహదారిమీద రాత్రియంతయు లారీలు కన్నులు చెదరు దీపములతో పోవుచున్నవి గదా! క్వారీలవారు కొండలనే పిండిచేయుచున్నారు. మీరు ఎర్రదీపమొకటి పట్టుకొని ఒక పిట్టకోసము గంట పోగొట్టుకొన్నంత మాత్రమున లోకమునకు ఒరిగినదేమి?" అనిరి. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పెద్ద కీడు జరుగుచుండగా చిన్న కీడును మానుట ధర్మమా, లేక మన మనస్సును మనము ఓదార్చుకొను వేడుకయా?

ఈ ప్రశ్నకు పూర్వులు ఆ పక్షి కథనే చెప్పియుండుట నాకు ఆశ్చర్యమును గలిగించినది. పంచతంత్రములోని టిట్టిభమే మన తీతువు. సముద్రపు టొడ్డున గ్రుడ్లు పెట్టగా సముద్రుడు వానిని అపహరించెను. పక్షులు గరుత్మంతునితో మొరపెట్టుకొనెను. గరుత్మంతుని దుఃఖము చూచి శ్రీమహావిష్ణువే కదలివచ్చి, సముద్రునిపై ఆగ్నేయాస్త్రము ఎక్కుపెట్టగా అతడు భయపడి గ్రుడ్లు తిరిగి ఇచ్చెను. పిల్లలకు చెప్పు కథయని దీనిని తేలికగా విడుతుము. ఇందులోని లెక్కను చూడుడు. ఒక ప్రక్క సముద్రము. ఒక ప్రక్క రెండుమూడు గ్రుడ్లు. పాలసముద్రమున పవళించు స్వామి ఎంత చిన్నది అని అడుగలేదు. గ్రుడ్లు పోయిన పక్షికి అవియే సర్వస్వము. లారీల లెక్క లారీలది. ఆ రాత్రి ఆ పక్షికిని దాని గ్రుడ్లకును నడుమ నిలిచినది లారీ కాదు. కీడు చిన్నదా పెద్దదా అని కొలుచునప్పుడు మనము మన దూరమునుండి కొలుచుదుము. అనుభవించు ప్రాణి దగ్గరనుండి కొలిచినచో కొలత మారిపోవును. మిత్రులు ఈ సమాధానమునకు పూర్తిగా ఒప్పుకొనలేదు. లారీల సంగతి కూడ ఎవరో చూడవలెను గదా అనిరి. అదియు నిజమే.

దీనికంటె లోతైన మాట ధ్రువోపాఖ్యానమున గలదు. అయిదేండ్ల బాలుడు తండ్రి తొడపై చోటు దొరకక, సునీతి మాట విని, నారదునివలన మంత్రోపదేశము పొంది, యమునాతీరమున మధువనమున ఒంటిగా తపస్సు చేసెను. ఆ కథను మనము భక్తికిని పట్టుదలకును ఉదాహరణముగా చెప్పుకొందుము. భాగవతములో అందు మరియొక వివరమున్నది; ఉపన్యాసములలో దానిని త్వరగా దాటిపోవుదురు. ఆ బాలుడు ఒంటికాలిపై నిలువగా, ఏనుగు ఎక్కిన పడవవలె భూమి ఒరిగిపోయెనట. అతడు ఊపిరి బిగబట్టగా లోకములకు ఊపిరాడక దేవతలు విష్ణువును శరణుజొచ్చిరట. స్వామి వారికి అభయమిచ్చి, ఆ బాలుని తపస్సునుండి మరలించుటకై బయలుదేరెను. అంతటి పవిత్రమైన తపస్సునకును బరువున్నది! ధ్రువుడు ఎవరికిని కీడు తలపెట్టలేదు. అతని చూపు భగవంతునియందే యుండెను. అయినను అతని బొటనవ్రేలి క్రింద భూమి ఒరిగినది. ఒంటిగా నున్నాననుకొన్నవాడు నిజముగా ఒంటిగా లేడు. అంతర్యామి తనలోనున్నట్లే చింతచెట్టుమీది దేవాంగపిల్లిలోను ఉన్నాడు; నేలమీది గ్రుడ్డులోను ఉన్నాడు. తన చూపు ఎంత శుద్ధమైనదో విచారించుకొనుటతో సాధకుని పని ముగియదు. తన పాదము దేనిపై పడుచున్నదో కూడ చూచుకొనవలయును.

మన కడపజిల్లాలోనే జరిగిన యొక ఉదంతము ఈ బరువును చక్కగా తెలుపును. కలివికోడి యను రాత్రిపక్షి యున్నది. 1848లో దానిని గూర్చి తొలిసారి లోకమునకు తెలిసినది. 1900 తరువాత మరల ఎవరికిని కనుపింపక, అంతరించినదనియే శాస్త్రజ్ఞులు తలచిరి. 1986 జనవరిలో పక్షిశాస్త్రజ్ఞుల అన్వేషణలో భాగముగా, స్థానికుడైన వేటగాడొకడు రాత్రివేళ టార్చి వెలుగులో దానిని చూచి, ప్రాణముతో పట్టి తెచ్చెను. 86 సంవత్సరములు కనుపింపని పక్షి! ఎంతటి ఆనందమైయుండును! కాని పట్టుబడిన ఆ పక్షి కొలది దినములలోనే మరణించినది. ఆ వార్తవలననే తరువాత లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడి ఆ జాతికి రక్షణ కలిగినదనుట సత్యము. కనుక ఎవరిని నిందింపగలము? ఆ యొక్క పక్షి మాత్రము, తాను కనుపించినందులకే, ప్రాణము నిచ్చినది.

నక్షత్రములు మనకొరకే యున్నవని మనము భావించుట కూడ సరి కాదు. 1970 ప్రాంతమున అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ అను శాస్త్రజ్ఞుడు ఇండిగో బంటింగు అను వలసపక్షుల పిల్లలను నక్షత్రశాలలో పెంచి పరీక్షించెను. అవి ఏ నక్షత్రసమూహమును పుట్టుకతో ఎరుగవు. ఆకాశము దేని చుట్టు తిరుగుచున్నదో గమనించి, ఆ కదలని చోటును ఉత్తరముగా నేర్చుకొని, వలసకాలమున దానికి వెన్నుచూపి దక్షిణమునకు పోవును. కొన్ని పిల్లలకు ఆయన ఆకాశమును ఆర్ద్రా నక్షత్రము చుట్టు తిరుగునట్లు చూపగా, అవి ఆర్ద్రనే ధ్రువునిగా గ్రహించెను! గూటిలోనుండి రాత్రులు తలయెత్తి ధ్రువుని వెదకు పక్షిపిల్లను తలచుకొన్నచో మన యంత్రపు గురి గొప్పయేమియు కాదు. పేడపురుగు కూడ పాలపుంత వెలుగును చూచి త్రోవ తప్పక పోవునని 2013లో దక్షిణాఫ్రికాలో చేసిన పరిశోధన తెలిపినది. మన కోస్తా తీరమున వేసవికి ముందు ఇసుకలో గ్రుడ్లు పెట్టు ఆలివ్ రిడ్లే తాబేళ్ల పిల్లలు, పుట్టిన రాత్రి, సముద్రముపై ఆకాశపు వెలుగును గుర్తుపట్టి నీటికి పోవును. ఒడ్డున దీపములున్నచో వెనుకకు తిరిగి రహదారివైపు ప్రాకి నశించును. వానికి దారిచూపు వెలుగును మన వెలుగు చెరుపుచున్నది.

చెరుపుట మనకు కూడ తగిలినది. హైదరాబాదులోని నిజామియా వేధశాల, 1887లో పారిసున సంకల్పింపబడిన ఆకాశపటము కొరకు బేగంపేటనుండి రాత్రుల తరబడి గాజుపలకలపై ఛాయాచిత్రములు తీసి, ఏడులక్షలకు పైగా నక్షత్రముల స్థానములను గుణించినది. నగరపు దీపములు పెరుగగా, 1960 దశకపు చివర రంగాపురము దగ్గర క్రొత్త వేధశాల నెలకొల్పి 48 అంగుళముల దూరదర్శిని నిలుపవలసివచ్చినది. కాలక్రమమున నగరము ఆ దిక్కునకును పెరిగినది.

అట్లని దీపమునే నిందించుట అవివేకము. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి వాతబడి ఒక పసిబిడ్డ మరణించుట మన యాత్రికులెవ్వరును మరువలేనిది. పిల్లలతో భక్తులు నడచు మార్గమున వెలుగు ఉండవలసినదే. అక్కడ చీకటి గొప్పదని చెప్పుటకు ఎవరికి నోరాడును? కాని నడచు త్రోవను వెలిగించుట వేరు, ప్రక్కనున్న చెట్లను, లోయను, ఆకాశమును వెలిగించుట వేరు. దీపమునకు పైన ఒక రేకుమూత చాలును, వెలుగు క్రిందికే పడుటకు. లడఖ్‌లోని హాన్లే చుట్టు 1,073 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రక్షితప్రాంతముగా ప్రకటించిరి. అక్కడి ఊళ్లవారు కిటికీలకు తెరలు వేసికొని, దీపములకు మూతలు పెట్టుచున్నారు. 2024 జనవరిలో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యమునకు ఇటువంటి గుర్తింపే లభించినది. హాన్లేలో వేధశాలకొరకు చీకటిని కాపాడిరి. పెంచ్‌లో అడవికొరకు కూడ. ఈ రెండవది నాకు ఎక్కువ నచ్చినది.

మన గుడుల సంగతి కూడ తలపునకు రాక మానదు. కార్తికమాసమున ధ్వజస్తంభముపై ఆకాశదీపము నెత్తుట ప్రాచీన సంప్రదాయము. చిల్లుల కుండలోని నూనెదీపము ఏ ప్రాణిని తరిమివేయదు. ఇప్పుడు గోపురములకు క్రిందినుండి పైకి చూచు పెద్ద దీపములు అమర్చుచున్నారు. మా ఊరి వేణుగోపాలస్వామి గోపురమునకు కూడ ఒక దాత భక్తితో అమర్చియిచ్చెను. అంతకుముందు గోపురపు గూళ్లలో గుడ్లగూబలు కాపురముండెడివి. శ్రీమహాలక్ష్మి వాహనమని అక్కడివారు వానిని తరుమువారు కారు. దీపములు వచ్చిన పిదప అవి కనుపింపలేదు. వానకాలమున ఉసిళ్లు దీపముల క్రింద కుప్పలుగా పడి, ప్రొద్దున్నే ఊడ్చువారికి చేటలకొలది యెత్తవలసివచ్చుచుండెను.

అది దాత చేసిన కైంకర్యము. ఆర్పుట అపచారమగునేమోయని పెద్దలకు సంకోచము. అర్చకస్వామివారినే అడిగితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. "నాయనా, లోపల అఖండదీపము ఉండనే యున్నది, అది స్వామిది. బయటిది చూడవచ్చినవారికోసము వేసినది. పవళింపుసేవ అయి, తలుపులు మూసి, జనులు ఇండ్లకు పోయిన పిదప అది ఎవరికోసము? స్వామికి జోలపాడి నిద్రపుచ్చి, వాకిట దివిటీలు పెట్టుదుమా?" అనిరి. దాతగారికి కూడ ఆయనయే స్వయముగా నచ్చజెప్పిరి. ఇప్పుడు సేవ ముగిసిన అరగంటకు భజనమండలి కుర్రవాడొకడు వచ్చి మీట నొక్కిపోవును. వైకుంఠ ఏకాదశినాడు మాత్రము జాగరణ చేయువారికొరకు దీపములు తెల్లవార్లు వెలుగుచునే యుండును.